పసరిక పాముల దొంగ

రఫూ మాస్టారికి అనుమానం పుట్టుకతో వచ్చిందో వృత్తితో వచ్చిందో చెప్పడం కష్టం. చిరిగిన బట్టని చిరగనట్టు చేసి ఇవ్వడం ఆయన పని. కోటు మోచేతి దగ్గర కన్నం పడితే, ఆ కోటు లోపలి మడతలోంచే నాలుగు పోగులు లాగి, అడ్డంగా నిలువుగా అల్లి, చిరుగు ఎక్కడుండేదో కోటు సొంతదారుకే గుర్తు లేకుండా చేస్తారు. అలాంటి మనిషికి ఇంకొకళ్ళు దాచిన చిరుగు కనపడకుండా ఉంటుందా? "మేకు తగిలి చిరిగింది మాస్టారూ" అంటూ ఎవరైనా చొక్కా బల్ల మీద పెడితే, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "మేకు తగిలితే పోగు సాగుతుంది బాబూ. ఇది కాలింది. సిగరెట్లు మానేశానని ఇంట్లో చెప్పారా ఏమిటి?" అని అడిగేవారు. వచ్చినవాడు చొక్కా అక్కడే వదిలేసి జారుకునేవాడు. కత్తిరించిన గుడ్డ ముక్క చేతిలో పెడితే అది ఏ వీధిలో ఏ టైలరు కోతో కూడా చెప్పేవారు.

ఆయనకి ఇంకో జబ్బు ఉంది. చొక్కా జేబులో వేలెడంత కత్తెర ఎప్పుడూ ఉండాలి. ఎప్పుడో గుండుసూది మీద పడి దాని మొన దగ్గర చిన్న నొక్కు పడింది, అయినా పారెయ్యలేదు. వేలాడే దారం ఎక్కడ కనిపించినా సరే, ఆయన చెయ్యి ఆయన్ని అడక్కుండానే జేబులోకి వెళ్ళిపోతుంది. ఒకసారి బ్యాంకులో పక్క కుర్చీ పెద్దమనిషి కోటుకి దారం వేలాడుతుంటే చటుక్కున కత్తిరించారు. గుండీ ఆ దారం మీదే నిలబడి ఉందట. అది దొర్లుకుంటూ వెళ్ళి కౌంటరు కింద దూరింది. ఆయన భార్య ఈ కథ చుట్టాలందరికీ చెప్పి నవ్వించేది. మాస్టారు మాత్రం నవ్వకుండా, "ఆ గుండీ ఎలాగూ ఊడేదే" అనేవారు.

ఈయన పాముల వెంట పడడానికి కారణం బామ్మర్ది, అంటే భార్య తమ్ముడు. నీళ్ళ మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగం అతనిది. ఇంటింటికీ తిరిగి, కంచెల పక్కన, పొదల కింద మీటరు మూతలెత్తి అంకెలు రాసుకుంటాడు. ఒకరోజు బావని పంపుహౌసు కంచె దగ్గరికి లాక్కెళ్ళి, "ఆ తీగలో ఏం కనిపిస్తోంది బావా?" అన్నాడు. మాస్టారు ఒక్క క్షణం చూసి, "ఆ పచ్చ వేరు, ఈ పచ్చ వేరు. మధ్యలో ఉన్నది ఆకు కాదు" అన్నారు. ఆ ఆకు కానిది పసరిక పాము. చిటికెన వేలంత లావు, బారెడు పొడుగు, సూదిలాంటి మూతి. గాలికి తీగ ఊగితే తనూ ఊగుతోంది, గాలి ఆగితే తనూ ఆగుతోంది. తనని తాను అంత బాగా రఫూ చేసుకున్న జీవాన్ని మాస్టారు ఎన్నడూ చూడలేదు. లోకం తాడుని చూసి పామనుకుంటుంది గానీ, పాముని చూసి పోగనుకున్న మనిషి ఈయనొక్కడే అయ్యుంటాడు.

అప్పట్నుంచి ఆదివారం వస్తే బావా బామ్మర్దీ ఇంట్లో ఉండేవారు కాదు. మాస్టారు ఒక పాత డిజిటల్ కెమెరా, దానికి పొడుగాటి లెన్సు సంపాదించారు. పని పంచుకున్నారు. బామ్మర్ది దారి మొదట్లో కాపలా ఉంటాడు. పాము ఉందని తెలిస్తే జనం కర్రలు పట్టుకుని వచ్చేస్తారు కదా, వాళ్ళతో మీటరు కబుర్లు చెప్పి పక్కకి మళ్ళించడం అతని వంతు. పొద దగ్గరికి వెళ్ళి ఫోటో తియ్యడం మాస్టారి వంతు. చోటు ఎక్కడో మూడోవాడికి చెప్పకూడదని ఒట్టు వేసుకున్నారు. ఫోటోలు అచ్చు వేసే స్టూడియో ఆయన చూసి ముక్కున వేలేసుకునేవాడు. "పాము ఒంటి మీద ఒక్క ఆకు నీడ కూడా లేదు. ఇంత శుభ్రంగా మీకొక్కరికే ఎలా దొరుకుతాయి మాస్టారూ?" అనేవాడు. మాస్టారు మీసాల్లో నవ్వుకునేవారు. పెళ్ళాం మాత్రం ఆ బొమ్మలు గదిలో తగిలించనివ్వలేదు. కాబట్టి అవి దుకాణంలో, దారపు రీళ్ళ పైన వేలాడేవి.

అంతా బాగానే ఉంది. కానీ పాములు పోవడం మొదలైంది.

ముందు పంపుహౌసు కంచెలోది పోయింది. నెలంతా ఒకే తీగ మీద కనిపించిన పాము, ఒక వారం లేదు. సరే, వెళ్ళిపోయి ఉంటుందనుకున్నారు. తర్వాత ఆసుపత్రి వెనక గోడ మీదది. ఆ తర్వాత నర్సరీ పక్క పొదలోది. మూడూ మంచి ఫోటో దొరికిన నాలుగైదు రోజులకే మాయం. ఒకటి పోతే సరే, రెండు పోతే ఖర్మ అనుకోవచ్చు, మూడు పోతే అది దొంగతనం. పచ్చ పాముల్ని గాజుపెట్టెల్లో పెట్టి పెంచుకునే షోకు మనుషులున్నారని మాస్టారు ఎక్కడో విన్నారు. ఎవరో పట్టి ఇస్తున్నారు. ఎవరు?

స్టూడియో ఆయన్ని రెండు రోజులు అనుమానించి వదిలేశారు. అతనికి చోటు తెలియదు. చోటు తెలిసినవాళ్ళు లోకంలో ఇద్దరే. అందులో ఒకరు తను.

అలా ఆలోచించాక ఇంకేముంది, బామ్మర్ది ఒంటి మీద ప్రతి పోగూ వేలాడుతున్నట్టే కనిపించింది. వాడి చేతుల నిండా ఆ గీరుకుపోయిన గీతలేమిటి? "ఈసారి ఎక్కడికి బావా, ఎటువైపు?" అని ముందే ఆరా దేనికి? అన్నిటికీ మించి ఆ సంచీ. రెండు నెలల క్రితం బామ్మర్ది దుకాణానికి వచ్చి, మూరెడు పొడుగు, సన్నగా, మూతికి లాగుడు తాడు ఉండేలా ఒక సంచీ కుట్టి పెట్టమన్నాడు. ఎందుకురా అంటే, "పనికొస్తుందిలే బావా" అని హడావిడిగా వెళ్ళిపోయాడు. లాగుడు తాడు ఉన్న సన్నటి సంచీలో ఏం పడతాయి? తలచుకుంటే మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. దొంగకి సంచీ తనే కుట్టి ఇచ్చాడన్నమాట. పాముకి పాలు పోసి పెంచడమంటే ఇదే.

భార్యతో అంటే ఆవిడ చేస్తున్న పని ఆపి, "నా తమ్ముడా? వాడు బల్లిని చూసి కుర్చీ ఎక్కేవాడు" అంది.

"అది చిన్నప్పుడు."

"పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందట. మీకు పచ్చ పాములు పోయాక మనుషులంతా దొంగల్లా కనిపిస్తున్నారు."

ఆ ఆదివారం మధ్యాహ్నం బామ్మర్ది భోజనానికి వచ్చాడు. సంచీ కుర్చీకి తగిలించి కూర్చున్నాడు. మాస్టారి కళ్ళు కంచంలో లేవు.

"సంచీలో ఏముంది?"

"కొక్కెం బావా. మీటరు మూతలెత్తేది. జేబులో పెడితే ప్యాంట్లు చిరిగిపోతున్నాయి."

"విప్పు."

"ఏమండీ!" అంది భార్య.

బామ్మర్ది ముద్ద కంచంలో పెట్టేశాడు. కాసేపు బావ మొహంలోకి చూశాడు. అతనికి మెల్లిగా అర్థమైంది. "విప్పితే కొక్కెమే కనిపిస్తుంది బావా. అప్పుడు నువ్వు, మరి పాముల్ని ఎక్కడ దాచావురా అంటావు. మూడేళ్ళు దారి మొదట్లో ఎండలో నించున్నాను. ఒక్క రోజైనా పొద దగ్గరికి వచ్చానా? నువ్వు కుట్టిన సంచీనే నువ్వు నమ్మకపోతే నేనేం చెయ్యను?" చెయ్యి కడుక్కుని, సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు.

"చూశావా, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడు" అన్నారు మాస్టారు.

"వాడు భుజాలు తడుముకోలేదు. అన్నం వదిలేసి వెళ్ళాడు" అంది ఆవిడ. ఆ తర్వాత మొగుడితో సూటిగా మాట్లాడడం మానేసింది. "అన్నం వడ్డించానని ఎవరైనా చెప్పండి" అని గోడతో అనేది. ఇంట్లో ఉన్నది ఇద్దరే. తమ్ముడు తప్ప ఆవిడకి పుట్టింటి తరఫున ఇంకెవరూ లేరు. ఆ సంగతి మాస్టారికి తెలుసు. తెలిసి కూడా, సాక్ష్యం దొరికిన రోజు ఆవిడే ఒప్పుకుంటుందని మొండికేశారు. అటు చూస్తే బామ్మర్ది లేని ఆదివారాలు బోసిగా ఉండేవి. బయటికి చెప్పకపోయినా ఆయనకి బామ్మర్దంటే ప్రాణం.

సాక్ష్యం కోసం మాస్టారు ఒంటరిగా తిరిగారు. మూతపడిన అచ్చాపీసు ప్రహరీ మీద అల్లుకున్న తీగలో నాలుగో పాము దొరికింది. లేత పచ్చ, పొట్ట కింద తెల్లటి అంచు. ఈసారి స్టూడియోకి కూడా వెళ్ళలేదు. పొద్దున్నే వెళ్ళి, మూతికి అడ్డంగా వచ్చిన నాలుగైదు ఆకుల సంగతి చూసి, నలభై ఫోటోలు తీసుకున్నారు. మర్నాటి నుంచి రోజూ తెల్లారగానే వచ్చి, దుకాణం తెరిచే వేళ దాకా, అచ్చాపీసు విరిగిన కిటికీ వెనక కెమెరా పట్టుకుని కాపు కాశారు. దొంగ వస్తే చేతులతో సహా ఫోటోలో పడాలి.

మూడో రోజు దొంగ వచ్చాడు.

సంచీ భుజానికి తగిలించుకుని బామ్మర్ది గోడ వెంట నడిచి వస్తున్నాడు. దొరికాడు అనుకున్నారు మాస్టారు. సంతోషమో బాధో ఆయనకే తెలియలేదు. బామ్మర్ది వంగి, సంచీ తాడు లాగి, లోపల్నుంచి ఇనుప కొక్కెం తీశాడు. మీటరు మూత ఎత్తి, అంకెలు రాసుకుని, మూత వేశాడు. లేచేటప్పుడు అతని చూపు తీగ మీద పడి ఆగిపోయింది. పాముని చూశాడు. రెండడుగులు ముందుకి వేశాడు. చెయ్యి చాచాడు.

మాస్టారు కెమెరా నొక్కారు. మళ్ళీ మళ్ళీ నొక్కారు.

బామ్మర్ది పాముని ముట్టుకోలేదు. పక్కనున్న గుబురు తీగని మెల్లిగా లాగి, పాము మీదికి కప్పాడు. అది జారకుండా ఒక కొమ్మ సందులో ఇరికించాడు. వెనక్కి జరిగి చూసుకుని, సంచీ తగిలించుకుని వెళ్ళిపోయాడు.

మాస్టారు కెమెరా దించలేదు. ఏం చూశారో ఆయనకి ఇంకా ఎక్కలేదు. ఇంతలో గాలి వచ్చి ఇరికించిన తీగ జారిపోయింది. ఆకుల మధ్య గుండ్రటి ఖాళీ మళ్ళీ తెరుచుకుంది. అందులో పాము ఎండకి మెరుస్తూ, అంగట్లో పెట్టిన రిబ్బనులా పడి ఉంది. ఎదురు కరెంటు స్తంభం మీద నుంచి ఒక డేగ తిన్నగా ఆ ఖాళీలోకి దూకింది. మాస్టారి వేలు దానంతటదే కెమెరా నొక్కింది. రెక్కలు టపటపలాడాయి. డేగ లేచిపోతుంటే దాని కాళ్ళ కింద పచ్చటి తాడు మెలికలు తిరుగుతోంది.

ఆయన కిటికీ దాటి తీగ దగ్గరికి వచ్చారు. కింద నాలుగైదు ఎండుటాకులు పడున్నాయి. ఒకటి తీశారు. కాడ దగ్గర ఏటవాలుగా, ఒక్క దెబ్బకి తెగిన కోత, చివర చిన్న నొక్కు. ఎవరి కోతైనా వీధితో సహా చెప్పగల మనిషి. ఈ కోతకి వీధి వెతకనక్కర్లేదు. చెయ్యి జేబు మీదికి వెళ్ళింది.

దుకాణం తియ్యకుండా నడిచారు. నర్సరీ పక్క పొద, ఆసుపత్రి గోడ, పంపుహౌసు కంచె. మూడు చోట్లా ఎండిన కాడల చివర అదే ఏటవాలు, అదే నొక్కు. పాము మొహం మీద ఆకు అడ్డం వస్తే ఆయన కంటికి అది వేలాడే దారమే. ఆ దారం మీదే పాము ప్రాణం నిలబడి ఉంది. కంచె పక్కన రాయి మీద కూర్చుని మాస్టారు ఏడ్చారు. పాముల కోసం కొంత, ఎండలో నించున్న మూడేళ్ళ కోసం ఎక్కువ.

సాయంత్రం బామ్మర్ది ఇంటికి వెళ్ళారు. వెళ్ళేముందు గోడతో కాకుండా భార్యతోనే చెప్పి, ఆవిడ్ని కూడా తీసుకెళ్ళారు. బామ్మర్ది తలుపు తీసి, అక్కకి కుర్చీ వేశాడు. బావకి వెయ్యలేదు. మాస్టారు నించునే, కెమెరా వెనక తెర మీద మొదట తీగ కప్పుతున్న చెయ్యి చూపించారు, తర్వాత డేగని చూపించారు. ఆయన జన్మలో అంత గొప్ప ఫోటో తియ్యలేదు, ఇక తియ్యబోరు కూడా. ఎవరికీ చూపించుకోలేని ఫోటో అది.

"అచ్చాపీసు దగ్గర ఉన్నావా?" అన్నాడు బామ్మర్ది. "నన్ను పట్టుకోడానికా?"

"అవును" అన్నారు మాస్టారు. "చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికానురా. ఆ ఆకులు కత్తిరించింది నేను. అన్ని చోట్లా నేనే. నిన్ను అన్న మాట వెనక్కి రాదు. తప్పు నాది."

బామ్మర్ది కెమెరా అందుకుని ఆ డేగ బొమ్మ దగ్గరగా చూశాడు. "పాపం" అన్నాడు. ఎవర్ని అన్నాడో చెప్పలేదు. అక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

మాస్టారు జేబులోంచి చిన్న కత్తెర తీసి ముందుకి చాచారు. "ఇది నువ్వు ఉంచు. ఆదివారం నాకు ఇవ్వకు. అడిగినా ఇవ్వకు."

బామ్మర్ది చెయ్యి చాచలేదు.

"నా దగ్గర వద్దు బావా. రేపు ఎక్కడో పెట్టి మర్చిపోయావనుకో, మళ్ళీ నా సంచీయే విప్పమంటావు."