ఈశాన్యానికి పారిన నీళ్లు

ఈరోజు పొద్దున మేస్త్రీ వచ్చి, మా స్నానాలగది గడప దగ్గరున్న ఇటుకల గట్టు పగలగొట్టి, లోపల గచ్చు మీద చెంబుడు నీళ్లు పోశాడు. నీళ్లు బయటికి పోవాల్సిన మూలనున్న మోరి వైపు కన్నెత్తి చూడకుండా నేరుగా గడప దాటి ఆయన కాళ్ల కిందికి వచ్చాయి. "గీ టైల్స్ ఎవలేసిండ్రక్కా? కండ్లు మూసుకొని ఏసినట్టున్నది" అన్నాడు. పక్కనే పేపరు చదువుతున్న మా ఆయన తలెత్తకుండా, "ఎవడో అప్పటి మేస్త్రీ. ఉద్యమం రోజులల్ల మంచి పనోళ్లు యాడ దొరికిన్రు?" అన్నాడు. ఆ మేస్త్రీ మరెవరో కాదు, మా ఆయనే. ఇన్నేళ్ల కాపురం తర్వాత కూడా ఆయన మీద నా చిన్నచూపు ఇసుమంతైనా తగ్గలేదని అప్పుడే తెలిసింది.

అప్పట్లో తొర్రూరు బజారులో మాది కిరాణం దుకాణం. ఈ ఇల్లు కొత్తగా కొన్నాం. సొంత ఇల్లు రాగానే కొందరు మగవాళ్లకు ఒక రోగం పట్టుకుంటుంది, చేతిలో సుత్తి లేకుండా ఇంట్లో తిరగలేరు. స్నానాలగదిలో నున్నటి పాత బండలు, సబ్బునీళ్లు పడితే కుర్రవాళ్లే జారేవాళ్లు. మా అత్తమ్మ మోకాలి ఆపరేషన్ అయ్యి వరంగల్ దవాఖానలో ఉంది, పది రోజుల్లో ఇంటికొస్తుంది. ఆమెకు ఒకటే కోరిక: ఎవరూ పట్టుకోకుండా, తలుపేసుకుని, తన స్నానం తాను చేసుకోవాలి. కొడకండ్ల నుంచి రావాల్సిన మేస్త్రీ తెలంగాణ దీక్ష టెంటులో కూర్చున్నాడు. లేచి వద్దామన్నా బస్సులు లేవు. బంద్‌తో మా దుకాణం షట్టరూ దిగింది. చేతులు ఖాళీగా ఉన్న మా ఆయన, "రాష్ట్రం వచ్చేదాంక అమ్మ తానం చెయ్యకుంట కూసుంటదా? గింత పనికి మేస్త్రీ ఎందుకే? పప్పు జోకుడుకన్న కష్టమా?" అన్నాడు.

తక్కెడలో పప్పు జోకిన చేతులతో పని మొదలైంది. దుకాణంలో పెసలు జల్లించే జల్లెడతోనే ఇసుక జల్లించాడు. తర్వాత నెల రోజులు తొర్రూరులో సగం మంది పళ్లకింద కరకరలాడింది మా ఇసుకే. వాలు పెట్టే వేళకు జనగామలో ఉన్న చిన్నమామకు ఫోను చేశాడు. ఆయన తన ఇల్లు తప్ప అందరి ఇళ్లకూ వాస్తు చెబుతాడు. "నీళ్లు ఈశాన్యానికే పారాలె" అని తేల్చేశాడు. మా మోరి పడమటి మూలన ఉంది, ఈశాన్యంలో ఉన్నది తలుపు. అయినా మా ఆయన శ్రద్ధగా తలుపు వైపే వాలు పెట్టుకుంటూ వచ్చాడు. ఇసుక మోయడానికి తండా నుంచి వచ్చినామె, పట్నంలో ఎన్నో బిల్డింగుల పనులు చేసిన మనిషి, తట్ట దించి చూసింది. "సేటూ, మోరి గటుంటే ఢాలు గిటు వెడ్తున్నవేంది?"

"వాస్తు సంగతి నీకేం ఎరుక? నువ్వు తట్టలు మొయ్యి."

ఆమె నా వైపు చూసింది. నేను కొంగు సర్దుకున్నాను. తన భాషలో ఏదో గొణుక్కుంటూ మళ్లీ తట్ట ఎత్తుకుంది.

అత్తమ్మ ఇంటికొచ్చింది. గరుకు టైల్స్ మీద కాలు ఆనించి చూసుకుని, కొడుకు వైపు మురిపెంగా చూసి తలుపేసుకుంది. రెండో చెంబుకే నీళ్లు తలుపు కింద నుంచి బయటి గదిలోకి వచ్చాయి. ఆ గదిలోవి నున్నటి బండలు. స్నానం ముగించి బయట అడుగు పెట్టగానే ఆమె కాలు జారింది. నేను చేయి పట్టుకున్నాను కాబట్టి ఎముక విరగలేదు, ధైర్యం మాత్రం విరిగింది. ఆ తర్వాత గడపకు ఇటుకల గట్టు కట్టినా ఆమె తలుపేసుకోలేదు. తవ్వి మళ్లీ వేద్దామంటే మా ఆయన ఒప్పుకోలేదు, తవ్వితే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది కదా. "తలుపు తీసే ఉంచు బిడ్డా, జర పట్టుకో" అనేది అత్తమ్మ, ముఖం గోడవైపు తిప్పుకుని. పోయేదాకా అంతే.

పేపరు వెనక దాక్కున్న ఆయనను చూసి పొద్దున అసహ్యించుకున్నాను కానీ, అసలు సంగతి వేరు. తండా ఆమె చూసిన వాలును నేనూ చూశాను. అప్పట్లో నేనూ రోజూ దీక్ష టెంటులో కూర్చుని, మన యాసను వెక్కిరించి మనల్ని చిన్నచూపు చూసినవాళ్లను దులిపేసి వచ్చేదాన్ని. ఇంట్లో మాత్రం, మొదటి స్నానం రోజున నలుగురిలో ఈయన పరువు ఎలా పోతుందో చూద్దామని నోరు మూసుకున్నాను. అప్పటికి సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. అది గట్టిపడటానికి ఒక్క పూట పట్టింది. ఇన్నేళ్ల తర్వాత ఈ మేస్త్రీ మధ్యాహ్నానికల్లా దాన్ని తవ్వి పారేశాడు. రేపు కొత్త గచ్చు పడ్డాక నీళ్లు మోరికే పోతాయి. తలుపేసుకుని స్నానం చేయాలనుకున్న మనిషే లేదు.