ఇటుక ముక్కతో రుద్దిన చేతులు

ఆ ఏడు పైదేశంలో, ఎగువ మెట్టసీమల్లో, వానలు పడలేదు. మా కాలువల్లో నీళ్ళున్నాయి గాని, బట్ట కొనే పైదేశపు బేరగాళ్ళు రాక మొగల్తూరు వైపు మగ్గాలన్నీ ఆగిపోయాయి. సర్కారు కాలువగట్ల మీద కరువు పనులు తెరిచింది. వచ్చినవాళ్ళలో పనికి తగినవాళ్ళను ఏరే గుమాస్తాను నేను.

ఏరే పద్ధతి ఆ పనుల మీది దొర పెట్టిందే. అరచేతులు చూడాలి. కాయలు కాసి ఉంటే పార ఇవ్వాలి. మెత్తగా ఉంటే తిండికి లోటులేని మనిషని వెనక్కి పంపేయాలి.

ఒకరోజు ఒక నేతగాడు భార్యతో వచ్చాడు. చేతులు నున్నగా ఉన్నాయి.

“ఏమయ్యా, ఇవి పార పట్టే చేతులేనా?” అన్నాను.

“నేతపని చేతులండి బాబుగారూ. పట్టమంటే పడతానండి. పొయ్యిలో పిల్లి లేవట్లేదండి.”

“ఇన్నాళ్ళూ కట్టెపుల్ల ముట్టుకోలేదండి ఈయన, వేళ్ళు పాడైపోతాయని,” అంది భార్య. “ఇప్పుడా సోకు వండుకు తినమనండి!”

నాకు జాలి వేసింది. జాలిపడిన నన్ను చూసుకుని నాకే ముచ్చటేసింది కూడా. గొంతు తగ్గించి, “ఇటుక ముక్కతో గట్టిగా రుద్దుకుని రేపు రా. ఎవరడిగినా నేను చెప్పానని మాత్రం అనకు,” అన్నాను.

మర్నాడు తోలు లేచిపోయిన చేతులతో వచ్చాడు. పార ఇచ్చాను. పోనుపోను ఆ చేతులకు నిజంగానే కాయలు కాశాయి, వేళ్ళ కొసలు పగిలాయి.

ఎండలు ముదిరాక పైనుంచి కొత్త ఉత్తరువు వచ్చింది. నేతవాళ్ళను మట్టిపనిలో ఉంచకూడదు. సర్కారే నూలు ఇచ్చి, నేసిన బట్ట తీసుకుంటుంది. మంచి ఏర్పాటే. కాని నీడపట్టు పని కదా అని నేత రానివాళ్ళు కూడా ఎగబడ్డారు. దాంతో దొర ఒక నూలు వ్యాపారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కరి వేళ్ళ మధ్య నుంచి సన్నపోగు లాగించాడు.

మా నేతగాడి వేళ్ళలో పోగు చిక్కుకుని తెగింది. అలవాటుగా ఆ కొసలు అతకబోయాడు. పగుళ్ళలో పడి అదీ తెగింది.

“ఇది మట్టిచెయ్యండి. దీంతో కోక కాదు, గోనె కూడా నెయ్యలేడు,” అని వ్యాపారి నవ్వాడు.

నేతగాడు నా వైపు చూశాడు. చెప్పొద్దన్నాను కదా, నోరు విప్పలేదు. అతని భార్యే ముందుకొచ్చింది.

“చెప్పండి బాబుగారూ! ఈయన చేతులు మొదట ఎలా ఉండేవో మీరు చూశారు కదండీ!”

చూశానంటే చాలు, అతనికి మగ్గం దక్కేది. మరి పార ఎందుకిచ్చావని దొర అడిగేవాడు. నా కొలువు పోయేది.

“ఎంతమందిని చూస్తానమ్మా, ఎవరు గుర్తుంటారు?” అని, తర్వాతి మనిషిని పిలిచాను.

ఇద్దరూ గట్టు మీదికి, మట్టిలోకి వెళ్ళిపోయారు.

వానలు పడి పనులు మూసేశాక వాళ్ళ పేటకు వెళ్ళాను. ఏం చెబుదామని వెళ్ళానో నాకూ తెలియదు. ఇల్లు తెరిచే ఉంది. మగ్గం గుంటలో వాననీళ్ళు నిలిచాయి.

“కాకినాడలో ఓడెక్కి రంగూను పోయారండి, కూలికి,” అంది పొరుగింటామె. “ఆ చేతులకి నూలు ఎవరూ ఇవ్వలేదండి. మగ్గం కర్రలు మా పొయ్యిలోకి ఇచ్చేసి పోయారు.”

“ఎవరైనా వస్తే చెప్పమని ఏమైనా అన్నాడా?”

“ఎవరొస్తారండీ?” అందామె.