మేకలకూ మాలిక్యూల్‌కూ ఒకటే పిలుపు

బర్గూరులో మా కాలేజీ ల్యాబు కంప్యూటర్లు పాతవి. మాలిక్యూల్‌ని త్రీడీలో చూపించే సాఫ్ట్‌వేర్ ఐకాన్ నొక్కితే, ఒక్క క్షణం మెరిసి మాయమయ్యేది. టెర్మినల్ తెరిచి పొడుగాటి లైన్లు తప్పు లేకుండా కొడితేనే లేచేది. ఎమ్మెస్సీ వైవాలో రాగుల్లోని ప్రొటీన్‌ని నేను తెరమీద తిప్పి చూపించాలి. లేదంటే ప్రాజెక్టు మళ్ళీ మొదటి నుంచి.

“ఎందుకమ్మా ఈ తలనొప్పి? ఫోటో పెట్టేయమ్మా,” అన్నారు ల్యాబ్ సార్. నాకు ఒళ్ళు మండింది. ఫోటో చూపించడానికా నేను అత్తిముగం నుంచి రోజూ బస్సులు మారి వచ్చేది?

ఆ లైన్లన్నీ ఒకే మాటతో నడిచేలా ఒక షెల్ స్క్రిప్టులో పెట్టి, దానికి ‘బా’ అని పేరు పెట్టాను. కన్నడంలో ‘రా’ అని; మా అమ్మ మేకల్ని పిలిచేది అలాగే. ఇంట్లో మాది తెలుగే, మేకలకు మాత్రం కన్నడమే తెలుసు! ‘బా’ అని కొట్టి పక్కన ఫైలు పేరు చెబితే మాలిక్యూల్ రావాలి. ఫైలు దొరక్కపోతే ఇంగ్లీషు అక్షరాల్లో ‘యాడ పెట్టినావమ్మా?’ అని అడగాలి. అది కూడా అమ్మ మాటే.

వైవా రోజు, బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ముందు ‘బా’ కొట్టాను. పెద్ద తెరమీద పడింది: ‘యాడ పెట్టినావమ్మా?’ ల్యాబంతా గొల్లుమంది.

“నేను అప్పుడే చెప్పినాను కదమ్మా,” అన్నారు ల్యాబ్ సార్.

ఎగ్జామినర్ది కోలారు వైపు, యాస మా లాంటిదే. ఆయన నవ్వుతూ, “అంత మర్యాదగా అడగతా ఉంది కదా, యాడ పెట్టినావో చెప్పమ్మా,” అన్నారు.

యాడ పెట్టాను? ముందురోజు ఫైళ్ళన్నీ ‘రాగి ప్రొటీన్’ అనే కొత్త ఫోల్డర్లోకి మార్చాను. పేరు మధ్యలో ఖాళీ! ఖాళీ వస్తే, మనం కొట్టిన లైన్లు చదివే షెల్ అక్కడితో పేరు అయిపోయిందనుకుంటుంది. బయట టైపు చేసేటప్పుడు కొటేషన్ గుర్తులు వేశాను గానీ స్క్రిప్టు లోపల వేయలేదు. ‘రాగి’ వరకే విని వెతకడానికి పోయింది, తొందరపాటుది.

అందరూ చూస్తుండగానే స్క్రిప్టు తెరిచి, ఫైలు పేరుకు అటూ ఇటూ కొటేషన్లు వేశాను. మళ్ళీ కొట్టాను, బా.

వచ్చింది! ఎర్రటి మెలికలతో, పసుపు పట్టీలతో తెర నిండా నిలబడింది. నేను తిప్పిన వైపల్లా తిరిగింది. ఎగ్జామినర్ కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ల్యాబ్ సార్ గొంతు సవరించుకుని, “ఆ ‘బా’ని అన్ని సిస్టముల్లోనూ వేసిపోమ్మా,” అన్నారు. గెలిచానని అరవాలనిపించింది.

ఇంటికొచ్చి పాసైన సంగతీ, జరిగిన కథంతా చెబితే అమ్మ నోరు తెరిచింది.

“రెండో పిలుపుకే వచ్చేసిందా? మన మేకల కన్నా అదే మేలు పోమ్మా!”