ఖైరున్, మన మధ్యాహ్నపు మార్పిడి

నిన్న పొద్దున ఖైరున్ కూతురు షబానా ఫోన్ చేసింది. "పెద్దమ్మా, మా అమ్మ పాయె" అంది.

నమ్మలేదు. చెప్పులు వేసుకోకుండానే ఎదురింటికి నడిచాను.

నిజమే. హార్ట్ ఎటాక్.

అప్పటి నుంచి ఒక చోట కూర్చోలేకపోతున్నాను. ఇది టైప్ చేస్తూ కూడా లేచి తిరుగుతున్నాను.

తెలియనివాళ్లకు చెప్పాలి. ఖైరున్ ప్రొద్దుటూరులో మా ఎదురింటి మనిషి. ఆమె భర్త ఖాదర్ భాయ్ స్ట్రోక్ వచ్చి మంచాన ఉన్నాడు. మా ఆయనకు మతిమరుపు జబ్బు.

ఇద్దరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఒక మధ్యాహ్నం ఇద్దరు మగవాళ్లనూ నేను చూస్తాను, ఆమె బయటికి పోతుంది. మర్నాడు ఆమె డ్యూటీ.

ఆమె పెడితే ఉమ్మేసే ఖాదర్ భాయ్, నేను పెడితే మొహమాటానికి తినేవాడు. నాతో రోజంతా తగువు పడే మా ఆయన, ఆమె "కూచో బావా" అంటే కూర్చునేవాడు.

వీధిలో ఒకామె మూతి తిప్పింది. "ఏంది మే, మొగుళ్లను మార్చుకుంటాండారా?"

ఖైరున్ ఊరుకుంటుందా! "నీ మొగుడు మంచాన పడితే చెప్పక్కా, ఆయప్పనూ మా వంతుల్లో ఏసుకుంటాం."

నేను గదిమాను. ఇంట్లోకి వచ్చి నేనే ఎక్కువ నవ్వాను.

సెలవు దొరికితే ఆమె ఎర్రగుంట్ల బస్సెక్కేది. అక్కడ టీ తాగి తిరిగొచ్చేది. అంతే.

"ఆడ ఏం చేస్తివి?" అని నిలదీశాను.

"ఏం చేయలేదక్కా. కిటికీ కాడ కూచుంటి. ఎవురూ నన్ను పిలవల్యా. శానా బాగుండె."

నిన్న వచ్చినవాళ్లంతా షబానాతో ఒకటే మాట. మీ నాయనకు ఇంక నువ్వే దిక్కు.

అమ్మను చూడటానికి మొన్ననే జమ్మలమడుగు నుంచి వచ్చిన ఆ పిల్ల తల ఊపుతూనే ఉంది. "నేనొక్కదాన్నే చూసుకుంటా. మా అమ్మ చూసుకోల్యా?" అంది.

నాకు ఒళ్లు మండింది. "మీ అమ్మ ఒక్కతే చూసుకోల్యా మే!"

చావింట్లో అరవకూడదని తెలుసు. అరిచాను.

మనవాళ్లందరికీ చెబుతున్నాను. షబానాకు ఫోన్ చేసి "నాయనకెట్లుంది" అని అడిగి పెట్టేయకండి. ఒక మధ్యాహ్నం వచ్చి ఆయన దగ్గర కూర్చోండి. రాలేనివాళ్లు ధైర్యం చెప్పవద్దు.

ఈరోజు నా వంతు కాదు. అయినా మా ఆయనను వెంటబెట్టుకుని వెళ్లాను. "ఖైరున్ ఏదీ?" అన్నాడు. చెప్పాను. మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను.

ఖాదర్ భాయ్ నా చేతి ముద్ద ఉమ్మేశాడు.

తుడిచాను. ఇంకో ముద్ద కలిపాను.

షబానా చాలాసేపు చూసింది. "దినాలు అయినాక నువ్వొస్తే, నేను యాడికి పోవాల పెద్దమ్మా?"

"యాడికన్నా పో. పొద్దుగూకేలోపల రా."

ఖైరూ, నీ బిడ్డను ఒంటరిగా వదలను. నీ మీది మట్టి చల్లగా ఉండాలి. నీ మనసు నెమ్మదించాలి.