భర్త ముఖం మర్చిపోవద్దని పెన్సిల్ పట్టిన మా గంగమణక్క

గంగమణక్క లేదు.

నిన్న పొద్దున సిరిసిల్లలో, నేను డ్రాయింగ్ చెప్పే స్కూల్‌కి రెడీ అవుతుంటే ఫోన్ వచ్చింది. అవతల ఏడుపు వినగానే అక్క వాళ్ల అత్తమ్మకే ఏదో అయిందనుకున్నా. కాదు, గంగమణే అన్నారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. నలభై దాటిందో లేదో.

కథలాపూర్ మీదుగా కోరుట్ల దాకా బస్సులో ఎలా కూర్చున్నానో గుర్తు లేదు.

మీలో చాలామందికి అక్క తెలియదు. నేను కోరుట్లలో డ్రాయింగ్ లోయర్ గ్రేడ్ పరీక్షకి నేర్చుకునేటప్పుడు నా పక్కనే కూర్చునేది. మా ఇంట్లో పెన్సిల్ పట్టిన మొదటిదాన్ని నేను. అక్క బీడీలు చుట్టి చుట్టి, అదే చేతులతో క్లాస్‌కి వచ్చేది.

పరీక్ష కోసం కాదు. రాజేశం బావ కోసం.

బావ దుబాయ్ పోయాడు. కంపెనీ నుంచి బయటపడి, కాగితాలు లేకుండా ఎక్కడో పని చేసుకుంటున్నాడని తోటివాళ్లు చెప్పారు. ఆ తర్వాత ఫోన్ లేదు.

ఏళ్లు గడిచాయి. దినాలు చేసేద్దాం, గాజులు తీసెయ్యమన్నారు చుట్టాలు. అక్క ఒప్పుకోలేదు.

ఇంట్లో ఉన్నది ఒక్క పాస్‌పోర్ట్ ఫొటో. దాని మీద గళ్లు గీసి పెద్ద కాగితం మీదకి ఎక్కించడం మా డ్రాయింగ్ సార్ నేర్పారు. అక్క ఆ ముఖానికి ఏటా ఒక ఏడాది వయసు కలిపేది. నుదుటి మీద ఇంకొంచెం షేడింగ్. చెవుల దగ్గర రబ్బర్‌తో సన్నగా తుడిస్తే నెరిసిన జుట్టు.

"మీ బావకు తెల్లెంటికలు అచ్చినయే" అని నవ్వేది.

చనిపోయినవాడి జుట్టు నెరవదు కదా.

ఒక ఆదివారం సార్ ఇంట్లో గీస్తూ గీస్తూ పెన్సిల్ కింద పెట్టేసింది.

"నాకు గీ బొమ్మలే యాదికస్తున్నయ్ చెల్లే. మనిషి మొఖం అస్తలేదు."

అంత చక్కగా గీసి గీసి ఆయన్నే పోగొట్టుకుంది.

సార్ నేల మీద పెద్ద కాగితం పరిచి, అక్క చేతికి చార్‌కోల్ ముక్క ఇచ్చారు. కళ్లు మూసుకో, మనిషిని తలుచుకో, చెయ్యి ఎత్తకుండా గియ్యి, పోలిక రాకపోయినా ఫర్వాలేదు, ఇప్పటి ఆర్టిస్టులు ఇలా కూడా గీస్తారు అన్నారు. పిచ్చిగీతలు, పోరగాండ్ల ఆట అని గొణుగుతూనే గీసింది.

ముఖం లేదు. కాళ్లు లేవు. వీపు, ఒక పక్కకి వాలిన భుజం. అంతే.

ఇంటికి తెచ్చి గోడకి ఆనించాం. మేమేం చెప్పలేదు. బీడీలు చుడుతున్న అత్తమ్మ తలెత్తి చూసి, చేతిలో ఆకు వదిలేసింది.

"మా రాజేశమే. కల్లు కుండలు మోసి మోసి ఆ భుజం గట్లైంది."

అక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ తర్వాత ఫొటో ముట్టలేదు. ఎడమ చేత్తో గీసింది, తంబాకు నీళ్లతో గీసింది, సిమెంట్ సంచి కాగితం మీద గీసింది. చూసినవాళ్లు నవ్వారు. అక్క పట్టించుకోలేదు.

నిన్న మధ్యాహ్నం స్నానం చేయించాక అందరూ ఆగిపోయారు.

బొట్టు పెట్టాలా, వద్దా?

మొగుడు ఉన్నాడో లేడో తెలియనిదాన్ని ముత్తైదువగా ఎట్లా పంపిస్తామని పెద్దవాళ్ల వాదన. పెట్టకపోతే బావ చనిపోయాడని అందరం ఒప్పుకున్నట్టే. అక్క ఇన్నేళ్లు ఒప్పుకోనిది అదొక్కటే.

అత్తమ్మ లేచి కుంకుమ అందుకుంది. విధవ చెయ్యి తగలొద్దని ఎవరో ఆపబోయారు.

"నా కొడుకు ఉన్నడని అది బతికినన్ని రోజులు అన్నది. అది పోయినంక నేను లేడందునా?"

పెట్టింది. ఆమె నిజంగా నమ్ముతోందో లేదో నాకు తెలియదు. నేను నమ్ముతున్నానో కూడా తెలియదు.

దుబాయ్‌లో ఉన్న మనవాళ్లు ఎవరైనా ఇది చదివితే, రాజేశం బావ కనిపిస్తే, ఒక్కసారి ఇంటికి ఫోన్ చెయ్యమనండి. అక్క సంగతి మీరు చెప్పకండి. అత్తమ్మే చెప్తుంది.

పోయిరా అక్కా. ఇక ఎవరికోసమూ ఎదురుచూడకుండా, కంటినిండా నిద్రపో.