సైరన్ చాచా గడియారం

ఆదోనిలో మా వీధి మసీదులో ఇఫ్తార్ సైరన్ మోగించే చాచాను తలచుకుంటే ముందు ఆయన ప్రశ్నే వినబడుతుంది. "నీ గడియారంలో ఎంతప్పా?"

ఒక్క క్షణం ముందు మోగిస్తే ఊరందరి ఒక్కపొద్దు చెడగొట్టిన పాపం తన మెడకే చుట్టుకుంటుందని ఆయన భయం. అందుకే రంజాన్ నెలంతా నన్నే అడిగేవాడు.

"ఒక్కపొద్దున్నోళ్ల గడియారాలు సాయంత్రమైతే పరిగెత్తుతాయి. నువ్వు మద్దేనం తిన్యావు కదా!"

చివరికి ఉపగ్రహాల నుంచి టైం పట్టే రిసీవర్ కొందామని నన్ను ఎమ్మిగనూరు అంగడికి లాక్కుపోయాడు. పెళ్లిచూపుల్లో కూడా ఎవరూ అక్కడ ఆయన అడిగినన్ని ప్రశ్నలు అడిగి ఉండరు. అంగడాయన దారి చూపించే రకం తీస్తే పక్కకు నెట్టేశాడు.

"మనం యాడుండామో నాకు తెలుసప్పా. ఎంతైందో సరిగ్గా సెప్పేది ఇయ్యి."

అలాంటి గడియారమే కొని, దాని యాంటెన్నాను మిద్దె మీద ఆకాశమంతా కనబడేచోట నవాబును కూర్చోబెట్టినంత మర్యాదగా నిలబెట్టాడు.

మొదటి సాయంత్రం వీధంతా ఖర్జూరాలు చేతబట్టుకుని ఎదురుచూస్తోంది. కొత్త గడియారంలో వేళయింది. అంతరిక్షం యావత్తూ ఔనంది. చాచా వేలు మాత్రం మీట మీదే ఆగిపోయింది. నావైపు తిరిగాడు.

"నీ గడియారంలో ఎంతప్పా?"

ఆ రోజు నా గడియారం ఇంట్లో మరిచిపోయాను. చొక్కా చేయి కొంచెం పైకి లాగి, ఖాళీ మణికట్టును గంభీరంగా చూసుకున్నాను.

"అయింది చాచా!"

సైరన్ మోగింది.