‘పస్తీ’ అన్న మాటకు మునిగిన నా ఓడ

సూరత్‌కు బదిలీ అయ్యాక, అచ్చువేసిన కాగితాలు కత్తిరించి ఓడ నమూనాలు చేసే పిచ్చి పట్టుకుంది నాకు. మూడు నెలలు ప్రాణం పెట్టి అంటించిన ఓడకు పొగగొట్టం ఒక్కటే మిగిలింది. ఆ ఆదివారం జిగురు కొనుక్కుని ఇంటికొస్తే, భోజనాల బల్ల దగ్గర ఎవరో పప్పన్నం తింటున్నాడు. బల్ల మీద ఓడ లేదు.

“పాపం, కింద ‘పస్తీ, పస్తీ’ అని అరుస్తున్నాడు అల్లుడుగారూ! పస్తున్నాడేమోనని పిలిచి అన్నం పెట్టాను” అన్నారు ఊరి నుంచి వచ్చిన మా అత్తగారు.

గుజరాతీలో పస్తీ అంటే పాత కాగితాలు! పిలిచింది వాటికేననుకుని, అతను నా ఓడను అణగదొక్కి, కాళ్ల దగ్గర పెట్టుకున్న సంచిలో కుక్కేశాడు. అత్తగారిని ఏమనగలను? లోలోపలే పళ్లు నూరుకున్నాను.

“థోడా ఔర్ దాల్, మాజీ” అన్నాడతను.

“ఏమంటున్నాడు?” అన్నారు అత్తగారు.

“ఇంకొంచెం పప్పు కావాలట.”

జిగురు డబ్బా పక్కన పెట్టి నేనే వడ్డించాను.